టిఫిన్ డబ్బాలో పెన్న నీళ్ళు

ఈరోజు మా పాప స్కూల్ టూరుకి టిఫిన్ సర్దుతుంటే, స్టీలు డబ్బా మూత చప్పుడుకి చిన్నప్పుడు మనం స్కూల్ నుంచి సంగం ఊరికి వెళ్ళిన ప్రయాణం గుర్తొచ్చింది నేస్తం. మనం పులికాట్ ఉప్పు సరస్సు ఒడ్డు పిల్లలం కదా! ఆనకట్ట దగ్గర బస్సు దిగగానే, నీళ్ళు ఉప్పగా ఉంటాయేమోనని అందరం పెన్నలో వేలు ముంచి నాకి చూశాం, గుర్తుందా? సైన్స్ టీచర్ కోప్పడలేదు.

"ఎట్టుండాయి?" అని అడిగారు.

"తియ్యంగా ఉండాయి మేడం!"

అన్నం తిన్న డబ్బా కడిగి, ఆ నీళ్ళు నింపి, ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

"ఏరు మొత్తం మంచినీళ్ళేమ్మా!" అంటే అమ్మ నమ్మలేదు. ఒక గుక్క తాగి చూసింది. తర్వాత వీధిలో అందరినీ పిలిచి, చేపల పులుసు వాసన వదలని ఆ నీళ్ళనే అరచేతుల్లో తీర్థంలా పోసింది.