ఏడో కానిస్టేబులు ఊరు

సంతోషకుమారికి కూర్చుని చేసే పని పడదు. గుంటూరులో ఇరవై ఆరేళ్ళుగా పోలీసు ఉద్యోగం. హెడ్ కానిస్టేబులయ్యాక, మోకాళ్ళు అరిగాయని ఆఫీసు పనిలో వేశారు. ఆ ఫిబ్రవరిలో ఆమెకు ఒక జాబితా అప్పగించారు. రెండో ప్రపంచ యుద్ధకాలపు విధుల్లో చనిపోయిన ఈ ప్రాంతపు పోలీసులకు కొత్తగా స్మారకం కడుతున్నారు, రాతి మీద చెక్కే పేర్లు సరిచూడాలి.

ఏడుగురు. ఆరుగురికి ఊళ్ళున్నాయి. ఏడో పేరు దగ్గర పాత రిజిస్టరులో ఇంతే ఉంది: "యేసుపాదం. 1943. అస్సాం సరిహద్దు. వంతెన కాపలాలో ఉండగా బాంబు దాడిలో మృతి. భార్య మార్తమ్మ."

"ఊరు లేకపోతే పోనీలేండి సంతోషకుమారిగారూ, పేరొక్కటే చెక్కిద్దాం," అన్నాడు ఎస్సై.

"సరే సార్," అందిగానీ ఆ మధ్యాహ్నం క్యారియర్ మూత కూడా తియ్యలేదు. రెండూ క్రైస్తవుల పేర్లే కదా అని, సెలవు పెట్టి, యూనిఫాంలోనే స్కూటీ మీద ముందుగా ప్రత్తిపాడు చుట్టుపక్కల చర్చీలన్నీ తిరిగింది. బాప్తిస్మపు పుస్తకాల్లో వేలు పెట్టి వెతికింది. ఒకచోట పాస్టరుగారు కాఫీ ఇస్తే సగం తాగి లేచిపోయింది. అయిదో చర్చిలో దొరికింది: 1940, ఆదెమ్మ, తండ్రి యేసుపాదం, తల్లి మార్తమ్మ.

ఆదెమ్మ బతికే ఉంది. ఊరి చివర కల్లంలో, ఆడవాళ్ళతో కలిసి మిరపకాయల్లో రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది.

"పోలీసమ్మవా? ఎవరి మీద కేసు?"

"కేసు కాదు పెద్దమ్మా. మీ నాన్నగారి గురించి."

ముసలమ్మ చేతిలో కాయలు కింద పరిచిన పట్టా మీదికి విసిరికొట్టింది. "ఆయన ఊసెత్తమాక. డ్యూటీ ఎగ్గొట్టి పారిపోయాడు. ఎక్కడో ఎవత్తినో కట్టుకున్నాడంట. మా అమ్మ కూలికి పోతే పారిపోయినోడి పెళ్ళామనే పిలిచారు, సచ్చేదాకా."

యుద్ధం నాటికి మార్తమ్మ అత్తగారి ఊరు వదిలి ఇక్కడికి, పుట్టింటికి వచ్చేసింది. చావు కబురు ఎక్కడ ఆగిపోయిందో చెప్పేవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. సంతోషకుమారి ఫోనులో తీసుకున్న రిజిస్టరు ఫొటో చూసి చదివింది. ఆదెమ్మ ఏడవలేదు.

"నాకు చెబితే ఏం లాభం? ఇదిగో, ఈళ్ళందరికీ చెప్పు. గట్టిగా చదువు."

సంతోషకుమారి టోపీ సర్దుకుని నిలబడింది. మిరప ఘాటుకు దగ్గుతూనే చదివింది. ఏరేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్న ఒక ముసలామె తల దించుకుంది.

"ఇంకోసారి," అంది ఆదెమ్మ. "మా అమ్మ పేరు కూడా గట్టిగా చదువమ్మా."

మళ్ళీ చదివింది.

మార్చిలో స్మారకం ఆవిష్కరించారు. యేసుపాదం పేరు పక్కన, ఆదెమ్మ చెప్పిన ఆయన సొంతూరు ఉంది. కారు పంపిస్తామన్నా ఆదెమ్మ రాలేదు. "మా అమ్మ లేకుండా నేనొచ్చి ఏం చూడను?" అని కబురు పంపింది. బ్యాండు వాయిస్తున్నంతసేపూ సంతోషకుమారి గేటు వైపే చూస్తూ నిలబడింది. పూలు పెట్టి అందరూ వెళ్ళిపోయాక మిగతా ఆరు పేర్లూ చదువుకుంది. వాళ్ళకు ఊళ్ళున్నాయి, నిజమే. ఆ ఊళ్ళలో వాళ్ళ గురించి ఏమనుకుంటున్నారో మాత్రం ఆమె అడగలేదు.

ఆదివారం పొద్దున్నే ఒంగోలు బస్సెక్కింది. జాబితాలో రెండో కానిస్టేబులు ఊరు అటువైపు.