నంది పక్కకు జరిగిన పాట

బస్సులో పక్క సీటు ఖాళీగా ఉన్నా నా బ్యాగు ఒళ్ళోనే పెట్టుకుంటాను. ఈ అలవాటు ఒక అమ్మాయి వల్ల వచ్చింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

హైటెక్ సిటీలో మొదటి భవనం కొత్తగా తెరిచిన రోజులు. చందానగర్‌లో నేనూ మా అత్తయ్యా బస్సెక్కాం. నా పక్కన, మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న తమిళమ్మాయి కూర్చుని కూనిరాగం తీస్తోంది. సంగీతమంటే ప్రాణమిచ్చే అత్తయ్య ఉండబట్టలేక అదేం పాటని అడిగింది.

"మా తమిళ పాటండి. ఒక పాలేరుని గుళ్ళోకి రానివ్వరు. బయటినుంచి చూద్దామంటే నంది అడ్డం. చివరికి నందే పక్కకి జరుగుతుంది. రాసినాయన పెద్ద కులమేనండి. అయినా పాలేరు పక్షాన పాడాడు."

అత్తయ్య కళ్ళు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుని, నా మీదుగా వంగి, "బంగారుతల్లీ, ఇంతకీ మీరేమిట్లమ్మా?" అంది.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. అత్తయ్యను ఆపుతాననుకుందేమో. నిజానికి ఆమె కులమేమిటో వినాలని నాకూ ఉంది.

"నేను జరుగుతాలెండి," అంది. ఆ మాటలో విసురేం లేదు. లేచి, ముందుకెళ్ళి నిలబడింది.

కండక్టర్ వచ్చి, "సీటు ఖాళీగనే ఉంది గదమ్మా, పోయి కూసో," అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది.

అప్పటికే ఆ సీట్లో నా బ్యాగు పెట్టుకున్నాను.