కుర్చీకాళ్ల గుర్తులు

మొన్న ముందు గదిలో టైల్స్ వేయడానికి వచ్చిన మేస్త్రీ పాత ప్లాస్టిక్ చాప ఎత్తి, నేల మీద ఎర్ర పెయింటు చుక్కలు నాలుగు చూసి, ముగ్గా అని అడిగాడు. ఫోటో కుర్చీ కాళ్లకు పెట్టిన గుర్తులన్నాను. అక్కడ పెట్టమన్నదెవరో వాడికి చెప్పలేదు, నా ఈడు వాళ్లు గనుక మీకు చెబుతున్నాను.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, చిట్యాలలో మా అత్తగారింటి ముందు గదినే స్టూడియో చేస్తానని పట్టుబట్టాను. డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో కెమెరా నేర్చుకుని వచ్చిన నాతో వాదించి గెలిచే మొనగాడు ఆ ఇంట్లో లేడు. టేపుతో కొలిచి, కాగితం మీద గీసి ఎక్కడ కుర్చీ వేసినా, సగం ముఖం సున్నం, సగం మసి. ఆ ప్రయోగాలకు గంటలకొద్దీ కదలకుండా కూర్చున్నది మా ఆడబిడ్డ. ముఖాన బొల్లి మచ్చలున్నాయని వచ్చిన సంబంధాలన్నీ గుమ్మంలోంచే మళ్లిపోయేవి. మూడో రోజు విసిగి, ఆమే కుర్చీ ఎత్తి కిటికీ పక్కన వేసుకుంది.

"గీడ కూసుంటే మచ్చల చెంప నీడలకు పోతది, వదినె. పది దాటినంక ఎదురింటి రేకుల మెరుపు పడి అన్నీ బయటపడతయి. చిన్నప్పటి సంది అద్దం పట్టుకొని గీ అర్రంత తిరిగిన, నాకెర్కలేదా?"

చూస్తే నిజమే. వెంటనే చుక్కలు పెట్టేశాను.

స్టూడియో నడిచింది. పెళ్లి సంబంధాలకు పంపే ఫోటోల కోసం ఆడపిల్లల్ని తెచ్చేవారు. మెల్లకన్నైనా, ఎత్తుపళ్లయినా ఆ కుర్చీలో సర్దుకునేవి. శుభమా అని వచ్చినవాళ్లకు ఈమె ఎదురుకాకూడదని మధ్య తలుపుకు చెక్క కొట్టించి, ఆడబిడ్డను వెనక దర్వాజ నుంచి తిరగమన్నాను. అప్పుడే మేళ్లచెరువు నుంచి ఒక సంబంధం వాళ్లు ఆమె ఫోటో అడిగారు.

"పదకొండుకు తియ్యి, వదినె. మచ్చలు కనబడనీ. చూసినోడే రానీ."

"గసుంటి ఫోటో నా స్టూడియోల తీసిన్నని తెలిస్తే, గిరాకి ఇటు మొకాన వస్తదా?" అన్నాను. ఆమె కూర్చున్న పాత ఫోటోలు సైతం కెమెరా కార్డులో జాగా లేదని చెరిపేశాను. ఆ నెలలోనే ఆమె షాద్‌నగర్‌లో ప్యాకింగ్ పనికి పోయింది; మళ్లీ మా వెనక దర్వాజ కూడా తొక్కలేదు.

ఇప్పుడు మచ్చలు తుడవడం ఫోన్లకే వచ్చు, నా స్టూడియో మూతపడి చాలా ఏళ్లయింది. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలిసిన మనిషి ఈ ఇంట్లో లేదు, ఆమె ముఖం చూద్దామన్నా ఒక్క ఫోటో లేదు. నిన్న పది దాటగానే, ఆమె చెప్పినట్టే, రేకుల మెరుపు వచ్చి ఆ నాలుగు చుక్కల మీద పడింది. అది పక్కకు జరిగేదాకా నిలబడి, టైల్స్ కానివ్వమని మేస్త్రీకి చెప్పాను.