ముప్పై రెండో పేరు

నూలు మిల్లులో హాజరు వేసే గుమాస్తాకు కార్మికులు పెట్టిన పేరు కంఠస్థం బాబాయ్. పంతొమ్మిదేళ్లుగా ఆయన పుస్తకం విప్పి పేరు పిలిచి ఎరుగడు. ఉదయం గేటు లోపల అరవై నలుగురూ తమ తమ చోట్లలో నిలబడితే, చేతులు వెనక్కి కట్టుకుని, దండ గుచ్చినట్టు పేర్లన్నీ పిలిచేవాడు. టిక్కులు తర్వాత గదిలో తీరిగ్గా పెట్టుకునేవాడు. పొరపాటన్నది ఆయన నాలుక దరిదాపులకు రాలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసిన మనిషి నడిచినట్టే నడిచేవాడు.

మాట పెదవి దాటకముందే లోపల కొన్ని మెట్లు దిగి వస్తుందని శాస్త్రం చెబుతుంది. వల్లెవేసిన వరుసకు ఆ మెట్లతో పనిలేదు. ముందు పేరు చెయ్యి పట్టుకుని తర్వాతి పేరు తనంతట తానే గడప దాటేస్తుంది. ఆ పేరుగల మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అని నాలుక అడగదు.

ప్యాకింగు విభాగంలో ముప్పై రెండో చోట నిలబడే మనిషి జ్వరంతో పోయి నెలన్నర అయింది. ఆ చోటు ఖాళీగా ఉన్నన్నాళ్లూ కన్ను ముందే హెచ్చరించేది, నాలుక ఆగేది. ఒక సోమవారం అతని భార్య వచ్చి ఆ చోట నిలబడింది; భర్త ఉద్యోగం ఆమెకిచ్చారు. ఖాళీ నిండింది. నిండగానే ముప్పై ఒకటో పేరు వెంట చనిపోయినవాడి పేరు ఖంగున బయటికొచ్చింది.

వరుసంతా బిగుసుకుపోయింది. ఆమె తల వంచుకుని, "ఆఁ" అంది.

మధ్యాహ్నం మంచినీళ్ల కుళాయి దగ్గర ఆయన ఆమెను ఆపాడు.

"నోరు జారిందమ్మా. ఏమీ అనుకోకు."

"పర్లేదన్నయ్యా. అలవాటు కదా."

ఆ మంచితనం ఆయనకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. మర్నాడు ఇంటినుంచి గేటు దాకా ఒకటే జపం: ఆ పేరు అనకూడదు, అనకూడదు. వద్దనుకున్న మాటకు కాపలా కాయడమంటే దాన్ని గుమ్మంలోనే కూర్చోబెట్టుకోవడమని ఆయనకు తట్టలేదు. ముప్పై ఒకటి అయింది. మళ్లీ అదే పేరు, నిన్నటికన్నా స్పష్టంగా.

యంత్రాలకు నూనె వేసేవాడు వెనకనుంచి గొణిగాడు. "ఆయన పైనుంచి దిగొచ్చి హాజరు వేయించుకుంటేగానీ బాబాయ్ వదిలేలా లేడు."

ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుతో కప్పేసుకున్నారు.

ఈసారి ఆమె ఆఁ అనలేదు. "ఆయన రారన్నయ్యా," అంది. "నేనొచ్చాను."

ఆయన ఆమె పేరు పిలవబోయాడు. నోరు తెరుచుకుంది, అందులో ఏమీ లేదు. నాలుక చివర ఆడే మాటైతే తొలి అక్షరమో, దాని ఛాయో తగులుతుంది. ఇక్కడ ఎంత తడిమినా గోడే. ఆయన ఆమె పేరు మరచిపోలేదు, అసలు తెలుసుకోనేలేదు. "సరే, సరే" అని ముప్పై మూడుకు దూకాడు. చెవులు కాలిపోతున్నాయి.

గదిలోకి వెళ్లి సొరుగు లాగాడు. ఆఫీసువాళ్లు వారం కిందట పంపిన నియామకపు ఉత్తరం అంటించింది అంటించినట్టే ఉంది. హాజరు పుస్తకంలో ముప్పై రెండో గడిలో ఇంకా పాత పేరే. రెండు రోజులుగా తాను తిట్టుకున్న నాలుక నిర్దోషి. లోపల లేనిదాన్ని అది ఎక్కడినుంచి తెస్తుంది? చిలక కూడా పేర్లు పలుకుతుంది, ఎవరినీ పిలవదు. పంతొమ్మిదేళ్లుగా తాను చేసింది పలకడమా, పిలవడమా అని మొదటిసారి అనుమానం పుట్టి, ఆయన ఆ గదిలో ఒక్కడే ఉండి కూడా తలెత్తలేకపోయాడు.

మూడో రోజు పుస్తకం తెచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో పేరు కింద వేలు ఆనించి, ఎదుటి ముఖం చూసి మరీ చదివాడు.

"బాబాయ్ ఒకటో తరగతిలో చేరాడర్రా," అన్నాడు నూనెవాడు. ఈసారి నవ్వును ఎవరూ దాచుకోలేదు. ఆయన వేలు తీయలేదు. ముప్పై రెండు దగ్గర ఆమె పేరు పిలిచాడు. ఆమె తలెత్తి పలికింది. ఆ రోజు యంత్రాలు ఏడు నిమిషాలు ఆలస్యంగా కదిలాయి.

మధ్యాహ్నం కుళాయి దగ్గర ఆమే ఆయన దగ్గరికొచ్చింది. "నా పేరు మీకెవరు చెప్పారన్నయ్యా?"

మొదటినుంచీ తెలుసమ్మా అనేయవచ్చు. నిన్న ఆమె పేరు దొరకని నోట ఆ అబద్ధం ఎంత సులువుగా పెదవి దాకా వచ్చి నిలబడిందో చూసి ఆయనకు తనమీద తనకే ఏవగింపు కలిగింది.

"ఉత్తరంలో ఉందమ్మా. వారంగా నా సొరుగులోనే పడుంది. నిన్న తెరిచాను."

ఈసారి ఆమె పర్లేదనలేదు. సీసా నింపుకుని, మూత బిగించి, లోపలికి వెళ్లిపోయింది. నీళ్లు తాగడానికి వచ్చిన ఆయన, తాగకుండానే గదికి వెళ్లి, పుస్తకం విప్పి, మొదటి పేరు కింద వేలు ఆనించాడు.