పడుగు కింద దూరే కుక్క

పొద్దున్నుంచీ నవ్వు ఆపుకోలేకపోతున్నాను. కడప ఆసుపత్రి దొరసాని మా అమ్మాయికి ఒక బొమ్మల పుస్తకం పంపింది. దాని నిండా ఒకటే జాతి కుక్కలు, బారెడు ఒళ్ళు, బెత్తెడు కాళ్ళు!

అరుగు మీద కూర్చుని ఇద్దరం చూస్తున్నాం. ఎదురుగా నేతవాళ్ళు వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులు, మోకాలెత్తున సాచి నూలుకు గంజి పట్టిస్తున్నారు. ఇంతలో ఒక వీధికుక్క ఆ పడుగు కింద దూరింది. దాని వీపు తగిలి పోగులు పుటుక్కుమని తెగాయి. ఆ నేతవాళ్ళలో పెద్దావిడ ఓబులమ్మవ్వ గంజి కుంచెతో దాన్ని తరుముతూ మా అరుగు దాకా వచ్చి, బొమ్మ చూసి నిలబడిపోయింది.

"ఈ కుక్క యాడిది అయ్యోరా?"

"జర్మనీ దేశంది అవ్వా. బొరియల్లో దూరి వేటాడుతుందంట."

"బొరియ లేదు, ఏమీ లేదు! ఆడ గూడా మగ్గాలు శానా ఉండాయి. పోగుకు వీపు తగలకుండా పడుగు కింద పోవాలని, నేసేటోళ్ళే సాకినారు దీన్ని!"

అవ్వ పుస్తకం లాక్కుపోయి వీధి వీధంతా చూపించింది. గంజి ఆరిపోతున్నా ఎవరికీ పట్టలేదు. చివరికి ఆ వీధికుక్క ముందే గొంతుక్కూర్చుని బొమ్మ తెరిచి పట్టింది.

"చూసి నేర్చుకో! కుక్కంటే ఇట్లుండాల!"

అది బొమ్మను వాసన చూసి, గంజి అంటిన అట్టను నాకి, తోక ఊపుకుంటూ మళ్ళీ పడుగు కిందికే పోయింది.

మీలో ఎవరి దగ్గరైనా ఆ పొట్టికాళ్ళ కుక్కపిల్ల ఉంటే మా మైదుకూరుకు పంపండి. అది వస్తే మొదట ఎవరింట్లో సంగటి పెట్టాలని సాయంత్రం నుంచి మా వీధిలో ఒకటే పోట్లాట!