శ్రుతిపెట్టె పాడిన టెనర్

దయ్యాలన్నా, అద్భుతాలన్నా నాకు మొదటి నుంచీ చిరాకే. మా నిడదవోలు చర్చిలో ఎవరు లేచి సాక్ష్యం చెప్పినా నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు మిమ్మల్ని నమ్మించాలనీ రాయడం లేదు. కోపం ఆగక రాస్తున్నాను.

మా మావయ్య రిటైరైన టీచరు. మా క్వయర్‌కు మధ్యయుగాల నాటి లాటిన్ మోటెట్, అంటే పలు గొంతులు కలిపి పాడే చర్చి పాట, ఒకటి నేర్పింది ఆయనే. అందులో మూడు గొంతులు. పై రెండూ వేర్వేరు మాటలతో గబగబా సాగుతాయి. అడుగున ఉండే మూడో గొంతు, టెనర్, మాత్రం పాత ఆరాధన పాటలోని చిన్న ముక్కను తీసుకుని, ఒక్కో స్వరాన్నీ సాగదీస్తూ, ఒకే లయను మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. పైవాళ్ళు నిలబడేది దాని మీదే. ఆ టెనర్ మావయ్యది. అదంటే ఆయనకు ప్రాణం.

క్రిస్మస్ ముందు చర్చి కమిటీ సెక్రటరీ గారు ఆయన్ని క్వయర్ నుంచి తీసేశారు. గొంతు వణుకుతోందట. కమిటీ ఎన్నికల్లో మావయ్య తనకు ఎదురు నిలబడ్డారన్న కడుపుమంట అది, అందరికీ తెలుసు.

"ఒక్క సా పట్టుకుని నిలబడ్డమే కదండీ. దానికి మనిషెందుకు, శ్రుతిపెట్టె చాలు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. శ్రుతి కదలదు, టెనర్ కదులుతుందండీ అని మొత్తుకున్నా వినలేదు.

మావయ్యే నన్ను ఊరుకోబెట్టారు. "పాట చెడితే వాళ్ళకే తెలుస్తుంది. అప్పుడు పిలుస్తార్లేమ్మా."

క్రిస్మస్ ఉదయం ఆరాధనలో పెట్టె నా పక్కనే స్టూలు మీద ఉంది. బటన్ నేనే నొక్కాను. టెనర్ సా వదిలి కదలాల్సిన రెండో స్వరం దగ్గర మా గొంతులు దానితో కలవకూడదు. కలిశాయి. పెట్టె స్వరం మార్చింది. మళ్ళీ మార్చింది. మావయ్య పాడే ముక్కంతా అదే లయలో చివరిదాకా వచ్చింది. దాని మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. వెనక బెంచీలో మావయ్య పెదవులు బిగించుకుని కూర్చున్నారు. ఆయన నోరు తెరవలేదని పక్కనున్న అత్తయ్య కూడా చెప్పింది.

తర్వాత ఎన్నిసార్లు నొక్కి చూసినా అది సా, పా దాటలేదు.

సెక్రటరీ గారికి చెబితే నవ్వారు. "ఏదో సెట్టింగ్ అయ్యుంటుందండి. చూశారా, మనిషి కంటే మిషనే నయం."

అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దేవుడో, దయ్యమో, ఏదైనా సరే, దాన్ని మాత్రం క్షమించలేను. ఆ ఒక్క పూట అది నోరు మూసుకుని సా దగ్గరే ఉండి ఉంటే పాట చెడేది, మావయ్యను పిలిచేవాళ్ళు. ఇప్పుడాయన ఇంట్లో కూడా పాడటం లేదు.