నీళ్ళు తాగిన బ్యాటరీ

కుడి మోకాలికి ఆపరేషన్ అయిన నాటి నుంచి మా తమ్ముడు కిక్కు కొట్టలేడు. బటన్ నొక్కితే బండి స్టార్టు కావాలి. లేకుంటే ప్రయాణమే లేదు. ఎండుమిరప వ్యాపారం అతడిది. కురుగోడు వైపు కళ్ళాలకు స్వయంగా వెళ్ళి, కాయను విరిచి చూడనిదే బేరం మాట్లాడడు. ఆ పాత మోటార్ సైకిల్ మూలపడితే అతడూ బళ్ళారి ఇంట్లో మూలపడినట్టే. అతడి కొడుక్కి కావలసిందీ అదే.

పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి రోజుల్లో విపరీతంగా నీళ్ళు తాగేది. డిస్టిల్డ్ వాటర్ పోసిన ప్రతిసారీ తేదీ వేసి బుక్కులో రాసుకునేవాణ్ణి. ఆ సంగతి బ్యాటరీల దుకాణంలో చెప్పబోతే యజమాని నా మాట పూర్తి కానివ్వలేదు.

"నీళ్ళ గొడవ ఇంక సాలప్పా! లిథియం పెట్టించండి. చేత్తో ఎత్తి చూడండి, అప్పడాల ప్యాకెట్టు మాదిరి ఉండాది."

"అది అన్ని నీళ్ళు ఎందుకు తాగిందో చెప్పప్పా ముందు."

"పాతదాని కత యాల పెద్దాయనా? అది తూకానికి పోతాది."

వెంట వచ్చిన తమ్ముడి కొడుకు నవ్వాడు. "పెద్దనాయనా, నీ బుక్కు మూసెయ్. కాలం మారిండాది."

లిథియమే బిగించారు.

కొన్నాళ్ళు బండి బటన్ తాకగానే లేచింది. తరువాత ఒక మధ్యాహ్నం కురుగోడు దారిలో, వేగంగా పోతుండగా ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. స్పార్కు కూడా బ్యాటరీ మీదే నడిచే బండి అది. వెనుక లారీ లేకపోబట్టి తమ్ముడు దక్కాడు. ఎవరిదో ట్రాక్టరులో బండితో సహా ఇల్లు చేరాడు. కొడుకు తాళంచెవి లాక్కుని జేబులో వేసుకున్నాడు.

"సాలు నాయనా. ఈ వయసులో నీకు బండి యాల? యాడన్నా పడింటే?"

"నేను యాడ పడినాన్రా? పడింది నువ్వు కొనిచ్చిన బ్యాటరీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. యంత్రం చెడితే మనిషికి శిక్షా? మరునాడు బండిని, కొడుకును, వాడి జేబులోని తాళంచెవిని కలిపి మెకానిక్ దగ్గరికి నడిపించాను. అతడు తన దగ్గరున్న బ్యాటరీ తగిలించి, ఇంజను వేగం పెంచి, నేను అడిగినట్టే ఛార్జింగ్ కొలిచాడు. ఉండవలసిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. రెగ్యులేటరు చెడిపోయి, హద్దు లేకుండా కరెంటు తోస్తున్నది. లెడ్ యాసిడ్ ఆ దెబ్బను తన నీళ్ళు ఆవిరి చేసుకుంటూ భరించింది. ఆ దాహమే బండి చేసిన ఫిర్యాదు. లిథియంకు ఆవిరయ్యే నీళ్ళు లేవు. తనను కాపాడుకోవడానికి నడిరోడ్డులో కరెంటు తెగ్గొట్టుకుంది. దుకాణదారు అడగవలసిన ప్రశ్న ఒక్కటే. అది అడగలేదు సరికదా, అడిగిన నన్ను తీసిపారేశాడు.

రెగ్యులేటరు మార్చారు.

"ఇంక లిథియం పెట్టొచ్చు గదా?" అన్నాడు కొడుకు.

పెట్టవచ్చు, మెకానిక్ కూడా అదే అన్నాడు. నేను మాత్రం లెడ్ యాసిడ్ తెప్పించాను. రేపు ఛార్జింగ్ మళ్ళీ హద్దు దాటితే నీళ్ళ మట్టం నాకు ముందే చెబుతుంది.

"తప్పు మీ నాయనది గాదు. తాళంచెవి ఇయ్యి," అన్నాను.

వాడు నా ముఖం చూసి ఇచ్చాడు. "చేరినాక ఫోన్ చెయ్ నాయనా," అని మాత్రం గొణిగాడు.

తమ్ముడు బటన్ నొక్కాడు. బండి లేచింది.

"నీళ్ళు నువ్వు చూసుకోన్నా. మిరక్కాయలు నేను చూసుకుంటా," అని కురుగోడు దారి పట్టాడు.